పాలు మళ్లీ పొంగిపోయాయి!

తెల్లవారుజాము అయిదున్నర. తెనాలిలో ఓ మధ్యతరగతి ఇల్లు. పొయ్యి మీద పాలగిన్నె. దాని ముందే నిలబడి ఉంది ఆ ఇంటి ఇల్లాలు. కళ్లు గిన్నె మీదే ఉన్నాయి. అయినా పాలు పొంగాయి. మాడు వాసన హాల్లోకి వెళ్లి, మంచమ్మీద కూర్చుని జపం చేసుకుంటున్న అత్తగారు ‘అమ్మాయ్, పాలు!’ అని కేకేసేదాకా ఆమెకు తెలియనే లేదు.

ఆ వారంలో అది మూడోసారి.

‘ఎదురుగానే ఉన్నావు కదమ్మా, ఏం ఆలోచిస్తున్నావ్?’ అన్నారు అత్తగారు మామూలుగానే. అంతే... ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ‘నాకేమైనా పది చేతులున్నాయా అత్తయ్యా?’ అనేసింది గట్టిగా. పెద్దావిడ మళ్లీ మాట్లాడలేదు. పొయ్యి గట్టు తుడుస్తుంటే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్ల కాపురంలో అత్తగారి మీద గొంతు పెంచడం అదే మొదలు. అదీ చారెడు పాలకోసం!

ఆమె వయసు నలభై నాలుగు. గుంటూరుకు దగ్గర్లోని ఓ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. పొద్దున్నే వంట ముగించుకుని, స్టేషనుకు పరుగెత్తి, ప్యాసింజరు ఎక్కి, దిగి, మళ్లీ ఆటో పట్టుకుని బడికి చేరాలి. భర్తది ఓ ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల ఉద్యోగం. ఒక్కగానొక్క కొడుకు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. అత్తగారికి డెబ్భై రెండు. బీపీ, షుగరు. అప్పులవాళ్లు గుమ్మం ఎక్కడం లేదు, ఇంట్లో గొడవల్లేవు. ఎవరైనా ‘నీకేంటమ్మా, బంగారంలాంటి సంసారం’ అనే ఇల్లే అది.

మరి పాలెందుకు పొంగుతున్నాయి?

అన్నింటికీ కారణాలున్నాయి!

నిజానికి పాలొక్కటే కాదు. అంతకు మూడు నెలల ముందునుంచే ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. కళ్లద్దాల పవరు మారి ఉంటుందిలే అనుకుంది. మెడ పట్టేస్తోంది. రైల్లో చోటు దొరక్క నిలబడి రావడం వల్లేనని సర్దిచెప్పుకుంది. కడుపులో మంట. స్టాఫ్ రూములో తిన్న పచ్చడిది ఆ తప్పు. దువ్వెన నిండా జుట్టు. బోరునీళ్లు పడటం లేదు. రాత్రి మూడింటికి ఠంచనుగా మెలకువ. వయసు వస్తోంది కదా! నెలకోసారి జలుబు. ఊళ్లో అందరికీ ఉంది.

ప్రతి బాధకూ ఓ కారణం. ప్రతి కారణానికీ ఓ చిట్కా. తలకు అమృతాంజనం, కడుపుకు యాంటాసిడ్, జుట్టుకు కొత్త నూనె. ఏ కారణమూ అబద్ధం కాదు. కానీ అన్నీ ఒకేసారి ఎందుకు వచ్చాయన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కల టీచరుకు తట్టలేదు.

ఒత్తిడితో వచ్చే చిక్కే ఇది. జ్వరంలా అది థర్మామీటరుకు దొరకదు. దెబ్బలా కంటికి కనిపించదు. అలవాటైన చిన్నచిన్న బాధల వేషం వేసుకుని ఇంట్లోకొస్తుంది. తలనొప్పిగా ఒకరోజు, చిరాకుగా ఒకరోజు, మతిమరుపుగా మరోరోజు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. కలిపి చూసేవాళ్లే ఉండరు.

మన మాటల్లోనే ఉంది

విచిత్రమేమిటంటే, ఒత్తిడి ఒంటిని ఏం చేస్తుందో మన పెద్దవాళ్లకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. భయం వేస్తే ‘గుండె గుభేలుమంది’ అంటాం. పరీక్ష హాల్లో ‘నోరెండిపోయింది’. చెడు కబురు వింటే ‘కాళ్లూ చేతులూ ఆడలేదు’. పిల్లాడు వేళకు ఇంటికి రాకపోతే ‘కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంది’. మితిమీరిన పనిలో ‘తల దిమ్మెక్కిపోయింది’. ఇవన్నీ మనసు బాధలే. చెప్పేది మాత్రం గుండె, నోరు, కాళ్లు, చేతులు, కడుపు, తల!

అది ఉత్త మాటతీరు కాదు. ఒంట్లో జరిగేదీ అదే. ఆపద ఎదురైందని మెదడు గుర్తించగానే మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం చర్మాన్నీ, పేగుల్నీ వదిలి కండరాలవైపు పరుగెడుతుంది. అందుకే చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పినట్టుంటుంది. లాలాజలం తగ్గి నోరెండుతుంది. మెడ, భుజాలు, దవడ కండరాలు బిగుసుకుంటాయి. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమైందన్నమాట. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఈ మార్పుల్ని వివరిస్తూ 1915లోనే పుస్తకం రాశాడు.

ఎదురుగా పులి ఉంటే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. పులి పోగానే ఒళ్లు సర్దుకుంటుంది. మరి పులి పోకపోతే? పొద్దున్నే వాట్సాప్‌లో, పదింటికి బడిలో, సాయంత్రం కొడుకు మార్కుల్లో, రాత్రి భర్త మౌనంలో అదే పులి మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే?

ఎలుకలు చెప్పిన నిజం

ఆ ప్రశ్నకు జవాబు దాదాపు తొంభై ఏళ్ల కిందట కెనడాలోని మాంట్రియల్‌లో దొరికింది. అదీ అనుకోకుండా! మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యీ అనే యువ శాస్త్రవేత్త కొత్త హార్మోనును కనిపెట్టాలని ఎలుకలకు గ్రంథుల రసాలు ఎక్కించేవాడు. ఆ ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. రోగనిరోధకానికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. హార్మోను దొరికిందని సంబరపడ్డాడు. తీరా చూస్తే వేరే హానికర పదార్థాలు ఎక్కించినా అవే మార్పులు. చలిలో ఉంచినా అవే. అలసిపోయేదాకా పరుగెత్తించినా అవే. అంటే బాధ ఏదైనా ఒళ్లు స్పందించే తీరు ఒక్కటే! ఆ సంగతిని 1936లో ‘నేచర్’ పత్రికకు చిన్న ఉత్తరంగా రాశాడు. ఇవాళ మనం ఇంటింటా వాడుతున్న ‘స్ట్రెస్’ అన్న మాటకు ఆ అర్థాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

సెల్యీ దీన్ని మూడు దశలుగా చెప్పాడు. మొదటిది హెచ్చరిక. గుండెదడ, చెమట, ఉలికిపాటు. రెండోది తట్టుకునే దశ. ఒళ్లు ఎలాగోలా నెట్టుకొస్తుంది. పైకి అంతా మామూలే. మూడోది అలసిపోయే దశ. తట్టుకునే శక్తి తరిగిపోయి, జబ్బులు పైకొస్తాయి. మన ఇళ్లలో చాలామంది ఉండేది రెండో దశలో. ‘ఏంటో, ఎలాగో లాగిస్తున్నాం’ అంటారు చూడండి... ఆ లాగించడమే రెండో దశ.

ఇందులో కార్టిసాల్ అనే హార్మోనుది పెద్ద పాత్ర. మామూలుగా అది తెల్లవారేముందు పెరుగుతూ వచ్చి, నిద్రలేచిన కాసేపటికి బాగా ఎక్కువై, రాత్రికి తగ్గుతుంది. అదుపు లేని ఒత్తిడి ఎక్కువకాలం ఉంటే ఈ లయ దెబ్బతినొచ్చు. నిద్ర చెదురుతుంది. నిద్ర చాలకపోతే మర్నాడు చిన్న పని కూడా కొండలా కనిపిస్తుంది. ఆ దిగులుతో ఆ రాత్రీ నిద్ర ఉండదు. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

నెలకోసారి జలుబుకూ దీనికీ సంబంధం ఉందా? ఉందనే చెప్పాలి. షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన కొందరి ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. అందరిలోకీ వెళ్లింది వైరస్సే. కానీ ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పినవాళ్లలోనే జలుబు ఎక్కువమందికి పట్టుకుంది.

తెల్లరంగు రెండు మాత్రలు

తెనాలి ఇంటికి మళ్లీ వద్దాం. అది రెండో శనివారం. బడికి సెలవు. పొద్దున్నే అత్తగారికి మాత్రలు తీసిచ్చింది ఆమె. ఒకటి షుగరుకు, ఒకటి బీపీకి. రెండూ తెల్లవే. రెండు అట్టలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పెద్దావిడ కోడలి చేతిలోవి చూడకుండానే వేసేసుకున్నారు. ఇన్నేళ్లుగా అదే నమ్మకం. శనివారం గనుక ఆవిడ ఒక్క ఇడ్లీతో సరిపెట్టారు.

పదకొండు గంటలకు అత్తగారి ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. భర్త ఇంట్లోనే ఉండటం అదృష్టం. తెలివిగానే ఉన్నారు గనుక పంచదార నీళ్లు తాగించి, వీధి చివర డాక్టరుగారి దగ్గరకు ఆటోలో తీసుకెళ్లారు. చూస్తే రక్తంలో చక్కెర 52! డెబ్భైకి తగ్గితేనే తక్కువైనట్టు లెక్క. గ్లూకోజ్ ఇచ్చి, మళ్లీ పడిపోవచ్చని సాయంత్రం దాకా కదలనివ్వలేదు ఆయన. ఇంటికెళ్లి మాత్రలు లెక్కపెట్టి చూస్తే తెలిసింది. ఒకటి షుగరుది, ఒకటి బీపీది ఇవ్వాల్సిన చోట, రెండూ షుగరు మాత్రలే ఇచ్చింది కోడలు.

బిడ్డలకు కూడికల్లో ఒక్క అంకె తప్పినా పట్టుకునే మనిషి, రెండు మాత్రల దగ్గర తప్పింది. డాక్టరుగారి గదిలో కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ‘నా చేతులారా ఎంత పనిచేశాను...’ అదే మాట.

ఆ కుటుంబాన్ని ఏళ్లుగా చూస్తున్న డాక్టరు ఆయన. మందలించలేదు. ‘మీ అత్తగారికి పర్వాలేదు. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. రాత్రిళ్లు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?’ అన్నారు.

ఆమె తడబడింది. నాలుగు... నాలుగున్నర.

‘ఇష్టంగా చేసే పని ఏదైనా ఈమధ్య మానేశారా?’

ఆమెకు వెంటనే ఏమీ తోచలేదు. పక్క మంచమ్మీద ఉన్న అత్తగారే నీరసంగా అన్నారు. ‘గళ్లు నింపడం లేదండీ. ఆదివారం పుస్తకం రాగానే ముందు ఆ గళ్ల నుడికట్టే నింపేది. నన్ను కూడా అడిగేది, అత్తయ్యా, ఈ మాటకు ఇంకో మాట చెప్పండీ అని. మూడు నెలలుగా పుస్తకాలన్నీ ఖాళీ గళ్లతోనే ఉన్నాయి.’

కోడలు తెల్లబోయింది. తనకే తెలియని తన సంగతి, పొద్దుట తను విసుక్కున్న మనిషి కనిపెట్టింది. ఒత్తిడి లక్షణాలు పడ్డవాళ్లకంటే పక్కవాళ్లకే ముందు కనిపిస్తాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి!

రెండు వారాల పుస్తకం

డాక్టరు వెంటనే ‘ఇదంతా టెన్షనే’ అనలేదు. బీపీ చూశారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు రాశారు. అలసట, జుట్టు రాలడం, గుండెదడ, నిద్రలేమి ఒత్తిడివల్లే రానక్కర్లేదు. థైరాయిడ్ తేడావల్లా, రక్తహీనతవల్లా కూడా వస్తాయి. అనుకున్నట్టే ఆమెకు హిమోగ్లోబిన్ 10.4 ఉంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఐరన్ మాత్రలు రాశారు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ‘రక్తం తక్కువ కాబట్టి కొంత అలసట. మిగతాదానికి మాత్ర లేదు. ఒక నోటుపుస్తకం కొనండి’ అన్నారు. రెండు వారాలపాటు ఏ బాధ ఎప్పుడొచ్చిందో, దానికి ముందు ఏం జరిగిందో రాయమన్నారు.

లెక్కల టీచరు కదా, గళ్లు గీసి మరీ రాసింది. రెండు వారాలు తిరిగేసరికి తనే ఆశ్చర్యపోయింది.

పాలు పొంగింది ప్రతిసారీ పొయ్యి వెలిగించేముందు ఫోను చూసిన రోజునే. బడి గ్రూపులో రాత్రి ఎప్పుడో వచ్చిన ఆదేశాలు చదివి, వాటికి మనసులోనే జవాబులు చెప్పుకుంటూ పాలముందు నిలబడేది. కళ్లు గిన్నె మీద, మనసు బడిలో. తలనొప్పి ఎక్కువగా సోమవారం సాయంత్రమే వచ్చేది. కొడుకు వారాంతపు పరీక్ష మార్కుల మెసేజ్ వచ్చేది అప్పుడే. కడుపులో మంట టిఫిను తినకుండా రైలెక్కిన రోజుల్లోనే. పచ్చడి తప్పేమీ లేదు! రాత్రి మెలకువ ఇరవై అయిదో తారీఖు దాటాక ఎక్కువయ్యేది. అవి భర్తకు నెలాఖరు వసూళ్ల రోజులు. ఆయన నోరు విప్పి ఏమీ చెప్పకపోయినా, ఆయన అటూ ఇటూ దొర్లడం ఈమెకు తెలిసేది.

జుట్టు సంగతి పుస్తకంలో దొరకలేదు. డాక్టరు చెప్పారు. బాగా ఒత్తిడికి గురైన రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలడం మామూలేనట. లెక్కేస్తే సరిగ్గా కొడుకును రెండో ఏడాదికి మళ్లీ హాస్టల్లో దించి వచ్చిన రోజులు. వాడు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయిన రోజులు.

మంచి జరిగినా ఒత్తిడే

‘పిల్లాడు బాగా చదువుకోవాలనే కదా పంపాం. దానికి ఒత్తిడేమిటి?’ అని ఆమె భర్త అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్నే. అమెరికాకు చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో జీవితంలో వచ్చే 43 రకాల మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి అత్యధికంగా 100. విడాకులకు 73. అంతవరకూ సరే. పెళ్లికి 50! ఉద్యోగ విరమణకు 45. కొడుకో కూతురో ఇల్లు వదిలి వెళ్లడానికి 29. సెలవుల్లో సరదాగా ఊరెళ్లడానికీ 13 మార్కులున్నాయి. కష్టమే కాదు, మార్పు ఏదైనా ఒళ్లు సర్దుకోవాల్సిందే. కూతురి పెళ్లి ఘనంగా చేసిన తల్లి అప్పగింతలయ్యాక వారం రోజులు మంచమెక్కడం మనకు కొత్తా?

అలాగని ఒత్తిడి అంతా చెడ్డదీ కాదు. వీణ తీగ వదులుగా ఉంటే పలకదు. మరీ బిగిస్తే తెగుతుంది. పరీక్ష ఉందన్న కాస్త బెదురు లేకపోతే ఎవరూ పుస్తకం తీయరు. ఆ బెదురు రాత్రింబవళ్లూ వదలకపోవడమే ప్రమాదం.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో తీరు

పుస్తకం రాయడం మొదలెట్టాక ఆమె చూపు ఇంట్లో మిగతావాళ్లమీదా పడింది. అప్పటిదాకా ‘ఆయన స్వభావమే అంత’ అనుకున్నవి స్వభావాలు కావని తెలిసింది.

భర్త తలనొప్పని ఎప్పుడూ అనడు. కానీ నెలాఖరులో టీలు మూడు నుంచి ఏడుకు చేరతాయి. ఫోను బోర్లా పెడతాడు. అన్నంలో ఉప్పు లేకపోయినా గమనించడు. టీవీ ముందు కూర్చుంటాడు గానీ ఏ చానలూ నిమిషం ఉంచడు. మగవాళ్లలో చాలామంది దిగులును దిగులని చెప్పరు. అది కోపంగానో, మౌనంగానో, సిగరెట్టుగానో, మందుగానో బయటపడుతుంది. చేసే పని మీద తన పట్టు ఎంత తక్కువైతే గుండెకు అంత చేటని బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద ఏళ్ల తరబడి జరిగిన వైట్‌హాల్ అధ్యయనాలు చెప్పాయి. 1967లో మొదలైన ఆ పరిశీలనలో గుండెజబ్బు మరణాలు పెద్ద అధికారుల్లో కంటే కింది తరగతి ఉద్యోగుల్లోనే ఎక్కువగా కనిపించాయి. జనం కట్టే వాయిదాలు తన చేతిలో లేవు. టార్గెట్ మాత్రం తన నెత్తిమీద ఉంది. ఆయన పరిస్థితీ అదే కదా!

కొడుకు ప్రతి ఆదివారం ఫోన్లో ‘అమ్మా, కడుపునొప్పి’ అంటున్నాడు. హాస్టలు భోజనం మీద నెట్టేశారు ఇద్దరూ. శనివారం లేని నొప్పి ఆదివారమే ఎందుకొస్తోంది? మర్నాడు పరీక్ష గనుక! పిల్లలకు ఒత్తిడిని మాటల్లో చెప్పడం రాదు. చిన్నపిల్లలైతే బడికెళ్లేముందు కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, గోళ్లు కొరకడం, అమ్మను వదలకపోవడం. పెద్దపిల్లలైతే గది తలుపు వేసుకోవడం, ‘ఏం లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం, స్నేహితుల్ని తప్పించుకోవడం.

అత్తగారు అడిగిందే నాలుగుసార్లు అడుగుతున్నారు. ‘అబ్బాయి ఫోను చేశాడా?’ చాదస్తం అనుకున్నారంతా. ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడకపోతే ఆ పెద్ద ప్రాణం పడే ఆందోళన అది. వృద్ధుల్లో ఆకలి తగ్గడం, నిద్ర లేకపోవడం, చిన్న విషయానికే కంగారు పడటం వయసువల్లేనని కొట్టిపారేయకూడదు.

నలుగురున్న ఇంట్లో నాలుగు రకాల లక్షణాలు. ఒకరి ఒత్తిడి ఇంకొకరికి అంటుకుంటోంది. ఎవరికి వాళ్లు ఎదుటివాళ్లను బాధపెట్టకూడదని దాచుకుంటున్నారు. ఆ దాచుకోవడమే అందర్నీ బాధపెడుతోంది.

ఇవి గమనించండి

* ఒంట్లో: తరచూ తలనొప్పి, మెడ, భుజాల బిగువు, పొద్దున్నే దవడ నొప్పి, గుండెదడ, కడుపులో మంట, మలబద్ధకం లేదా విరేచనాలు, నెలసరి తప్పడం, మాటిమాటికీ జలుబు.

* మనసులో: చిన్నదానికే చిరాకు, కారణం లేని దిగులు, ఏదో జరగబోతోందన్న భయం, దేనిమీదా మనసు నిలవకపోవడం, చిన్న నిర్ణయానికీ తటపటాయింపు.

* నడతలో: తిండి మరీ తగ్గడం లేదా పెరగడం, కాఫీ, టీ, సిగరెట్టు, మద్యం ఎక్కువవడం, పనులు వాయిదా వేయడం, ఇష్టమైనవి మానేయడం, నలుగురిలోకి రాకపోవడం.

* వీటిలో కొన్ని కలిసి కనిపించి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్ని కలవాలి.

* ఛాతీలో నొప్పి లేదా బరువు, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం... వీటిని టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. గుండెజబ్బు కాదని డాక్టరు చెప్పాకే మిగతా మాట.

* ‘ఎందుకీ బతుకు’ అన్న మాట ఇంట్లో ఎవరి నోట వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

చిన్న మార్పులే!

ఆ ఇంట్లో తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. ఫైనాన్స్ కంపెనీ టార్గెట్ తగ్గించలేదు. రైలు వేళ మారలేదు. కొడుకు ర్యాంకూ మారలేదు. మారినవి చిన్నవి.

పాలు కాగి, కాఫీ తాగేదాకా ఆమె ఫోను ముట్టుకోదు. టిఫిను తినకుండా గుమ్మం దాటకూడదని అత్తగారి ఆర్డరు. వారానికి సరిపడా ఏడు గళ్లున్న మాత్రల డబ్బా కొన్నారు. ఆదివారం పూట కోడలు, అత్త, భర్త ముగ్గురూ కూర్చుని దాన్ని నింపుతారు. ఒకరు తీస్తే ఒకరు చూస్తారు. సాయంత్రం స్టేషన్ నుంచి ఆటో మానేసి నడిచి వస్తోంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడటం మానేసి, నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదలడం డాక్టరు నేర్పారు. అలా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఒక్కోసారి నిద్రపడుతుంది. ఒక్కోసారి పట్టదు. పట్టకపోయినా ఇప్పుడు భయం లేదు.

భర్త నెలాఖరున వసూళ్ల పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టడం మొదలెట్టాడు. ఆమె చేయగలిగిందేమీ లేదు. కానీ ‘ఈసారి ఇద్దరు ఎగ్గొట్టేలా ఉన్నారు’ అని ఒకరితో అనగలగడమే ఆయనకు సగం బరువు దించింది. టీలు ఏడు నుంచి నాలుగుకు వచ్చాయి.

కొడుకుకు ఆదివారం ఫోను చేసినప్పుడు మార్కుల మాట ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నారు. మొదటివారం ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ నీళ్లు నమిలారు. ‘ఏం కూరరా?’ అని అడిగితే ‘దొండకాయ’ అన్నాడు వాడు. అంతే. రెండోవారం కాస్త మాట్లాడాడు. నాలుగోవారం తనంతట తనే చెప్పాడు. ‘అమ్మా, సోమవారం పరీక్షంటే భయమేస్తోంది. మీరు ఎంతో ఖర్చుపెట్టారుగా...’ ఆ మాట బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆమె ఆ రోజే రైలెక్కి విజయవాడ వెళ్లింది. వాణ్ని బయటికి తీసుకొచ్చి బెంచీమీద కూర్చోబెట్టి, రెండు గంటలు వాడు చెప్పింది విన్నది. ఏ సలహా ఇవ్వలేదు. ‘ర్యాంకు రాకపోతే ఇంకో దారి చూద్దాం. నువ్వు ఉండాలి నాన్నా, అంతే’ అంది. ఆదివారం కడుపునొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు వాడు దాన్ని కడుపునొప్పి అనడం లేదు. భయమనే చెబుతున్నాడు.

దసరా సెలవులకు వాడు ఇంటికొచ్చాడు. పొద్దున్నే వంటగదిలో గట్టుమీద కూర్చుని హాస్టల్ వార్డెన్ నడకను అనుకరిస్తుంటే తల్లి పడీపడీ నవ్వుతోంది. హాల్లోంచి అత్తగారు గళ్ల నుడికట్టు పట్టుకుని ‘అమ్మాయ్, మూడక్షరాల మాట, మనశ్శాంతికి ఇంకో పేరు... ఏమై ఉంటుందే?’ అని అడుగుతున్నారు. ‘నెమ్మది అత్తయ్యా!’ అంది ఆమె నవ్వాపుకుంటూ.

ఈలోగా మాడు వాసన. పాలు మళ్లీ పొంగిపోయాయి!

ఈసారి ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.